గేటు దాటితే వర్తూరు

బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగువాళ్లకు, పిల్లలుంటే వర్తూరు వైపు ఇల్లు చూసుకోమని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. చెప్పేవాళ్ల లెక్క సబబే. ఒక పక్క వైట్‌ఫీల్డ్ ఐటీ పార్కు, మరో పక్క ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసులు. బాళగెరె, గుంజూరు దారుల్లో ఎటు చూసినా అపార్ట్‌మెంట్లు, స్కూళ్లు. గోంగూరకీ గోరుచిక్కుళ్లకీ వెతుక్కోనక్కర్లేదు. పండక్కి మారతహళ్లిలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి మన ఊళ్లో దిగొచ్చు.

అయినా ఇక్కడ కాపురం పెట్టినవాడిగా ఒక మాట గట్టిగా చెప్పాలి. సంసారానికి అనువైన చోటని మనం మెచ్చుకునేదంతా గేటు లోపలే ఉంది. ఉయ్యాలలు, ఈతకొలను, చెట్లు, కాపలా... అన్నీ నెలనెలా మెయింటెనెన్స్ కట్టి తెచ్చుకున్నవి. గేటు బయట పదేళ్ల పిల్ల ఒక్కతే నడిచి వెళ్లి పెన్సిలు కొనుక్కుని రాగలదా? రాలేదు. మనవలను చూసుకోవడానికి గుంటూరు నుంచో కడప నుంచో వచ్చిన పెద్దలు సాయంత్రం గుడిదాకా వెళ్లి రాగలరా? అదీ కష్టమే. ఈ ఇద్దరూ నడవలేని ఊరిని సంసారుల ఊరని నేననను.

సాయంత్రం స్కూలు బస్సు వచ్చే వేళకు బయట నిలబడి చూడండి. కాలువ మీద పరిచిన రాతి పలకలే ఫుట్‌పాత్. ఒకటి కుంగి ఉంటుంది, ఇంకొకటి అసలు ఉండదు. పలకలు బాగున్న చోట బైకులు ఎక్కేస్తాయి. వెనకనుంచి నీళ్లు చిమ్ముకుంటూ ట్యాంకరు. ఒక తాతగారు మనవరాలి బ్యాగు తన భుజానికి తగిలించుకుని, పిల్లను గోడవైపు పెట్టుకుని, తాను బండ్లవైపు నడుస్తారు. రోజూ ఇంతే. ఆ దారినే పనిమనుషులు, సెక్యూరిటీవాళ్లు, మేస్త్రీలు పొద్దున్నా సాయంత్రం నడుస్తారు. మనకు కారైనా ఉంది. ఫుట్‌పాత్ లేని కష్టం మనకన్నా ముందు వాళ్లది.

ఇలా ఎందుకైంది? ఇవన్నీ మొన్నటిదాకా చెరువు కింది పొలాలు. రోడ్లు ఊరి నుంచి ఊరికి పోయే బండి బాటలు. 2007లో చుట్టూ ఉన్న పట్టణాలనూ 110 గ్రామాలనూ నగరంలో కలిపి బీబీఎంపీ అనే నగర పాలక సంస్థ చేశారు. పొలం తర్వాత పొలం అపార్ట్‌మెంటయింది గానీ వాటిని కలిపే వీధి ఎవరూ వెయ్యలేదు. వేల కార్లు ఆ బండి బాటల మీదే పడ్డాయి. 2023లో మెట్రో వైట్‌ఫీల్డ్ దాకా వచ్చింది. సంతోషమే. కానీ వర్తూరు నుంచి ఏ స్టేషనుకు వెళ్లాలన్నా ఆ ఇరుకు రోడ్డు దాటుకునే పోవాలి. నీళ్లదీ అదే కథ. ఇళ్లు ముందొచ్చాయి. ఆ 110 గ్రామాల కోసమే తలపెట్టిన కావేరి తాగునీటి పథకం ఐదో దశ 2024 అక్టోబరులో గానీ మొదలవలేదు. అంతకు ముందు వేసవిలో ట్యాంకరు ధరలకు ప్రభుత్వమే కళ్లెం వేయాల్సి వచ్చింది.

ఇంత చెప్పినా నాకు ఈ ఊరంటే ప్రేమే. పాత వర్తూరు వీధిలోకి వెళ్తే ఆ ప్రేమ ఇంకా పెరుగుతుంది. మా అత్తగారిని ఒకసారి అక్కడికి తీసుకెళ్లాను. పూలమ్మే ఆవిడ మూర కొలుస్తూ, "ఏవూరమ్మా మీది?" అంది. కన్నడ యాస కలిసిన తెలుగు. ఈ తూర్పు పల్లెల్లో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయని మా అత్తగారికి అప్పుడే తెలిసింది. ఆవిడకు ఆ సాయంత్రం వదిలి రాబుద్ధి కాలేదు. గుడి, కిరాణా కొట్టు, దర్జీ, టీ బంకు అన్నీ నాలుగడుగుల్లో. సంసారులకు కావలసిన ఊరు బిల్డర్లు రాకముందే ఇక్కడ ఉంది. మన ఇళ్ల నుంచి అక్కడికి నడిచే దారి లేదంతే.

పక్కనే వర్తూరు చెరువు. బెళ్లందూరు చెరువు తర్వాత నగరంలో ఇదే పెద్దది. గంగరాజుల నాటిదని చెబుతారు. బెళ్లందూరు నుంచి వచ్చే నీరు దీన్ని నింపి దక్షిణ పినాకినిలో కలుస్తుంది. నగరం మురుగులో పెద్ద వాటా ఈ రెండింటిలోకే వదిలారు. 2015లో అలుగు దగ్గర నురగ లేచి రోడ్డెక్కింది, దేశమంతా టీవీల్లో చూసింది. తర్వాత హరిత ట్రిబ్యునల్ గట్టిగా అడిగితే నీరు తోడి పూడిక తీయడం మొదలైంది. ఆ పని పూర్తిగా జరగాలి. మురుగు శుద్ధి కాకుండా చుక్క కూడా దిగకూడదు. ఆ గట్టు మీద అందరికీ తెరిచిన నడక దారి వేస్తే గేటు లోపలి పిల్లలూ పాత వీధి పిల్లలూ ఒకేచోట ఆడుకుంటారు.

నగరంలో సొరంగ మార్గానికి వేల కోట్ల లెక్కలు నడుస్తున్నాయి. బాళగెరె నుంచి పాత వీధి దాకా బైకు ఎక్కలేని ఎత్తులో ఫుట్‌పాత్ వేయడానికి అందులో ఎన్నో వంతు కావాలి?

అడగడానికి ఇన్నాళ్లూ మనిషే లేడు. 2020 సెప్టెంబరులో పాత కౌన్సిల్ గడువు తీరాక ఐదేళ్లకు పైగా వార్డుకు కార్పొరేటర్ లేడు. 2025లో బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మనది తూర్పు కార్పొరేషన్. వార్డు ఓట్ల కోసం గేటు దగ్గరికి వచ్చేవాళ్లను ఫ్లైఓవర్ కన్నా ముందు ఫుట్‌పాత్ అడగాలి.

అడిగే హక్కు మాత్రం ఓటున్నవాళ్లకే. 2024 మే 13న ఆంధ్రలో ఓటెయ్యడానికి ఇక్కడి నుంచి బస్సులు నిండి వెళ్లాయి. పుట్టిన ఊరి మీద మమకారం నాకూ ఉంది. కానీ మన పిల్లలు రోజూ నడిచే దారి ఇక్కడిది. ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఫారం 8 నింపి ఓటు వర్తూరుకు మార్చుకోవాలని నా విన్నపం. ఆన్‌లైన్లోనే ఇవ్వొచ్చు.