పోత ఇనుమా? అల్యూమినియమా?

మన హాస్టల్లో అన్నం తిన్నవాళ్ళకు వంటగదిలోని సత్తు గంజుకు, ఇనుప కడాయికి తేడా చెప్పనక్కర లేదు. గంజు తొందరగా కాగుతుంది, తొందరగా చల్లారుతుంది, కింద పడితే సొట్టపోతుంది. కడాయి ఎత్తాలంటే ఇద్దరు కావాలి గాని ఏళ్ళ తరబడి ఉంటుంది.

మేము ఈ నారాయణరావుపేట హాస్టల్ పాత విద్యార్థులం. ఐటీఐ చేసి సిద్దిపేటలో మెకానిక్ షెడ్డు పెట్టుకున్నాం. తమ్ముళ్ళు సెల్‌ఫోన్లో మోడిఫైడ్ కార్లు చూసి, "అన్నా, పాత బండికి అల్యూమినియం ఇంజన్ ఎక్కిస్తే ఎగిరిపోతది గదా!" అంటున్నారు. మా అభిప్రాయం వేరు. మన జేబుకు, మన ఎండలకు పోత ఇనుము బ్లాకే మేలు.

అల్యూమినియం సాంద్రత 2.7, పోత ఇనుముది 7 పైన. బండి ముందు భాగం తేలికై స్టీరింగు చక్కగా మాట వింటుంది. వేడిని కూడా దాదాపు మూడింతలు వేగంగా లాగేస్తుంది. మారుతి 800కు ఇనుప బ్లాకు ఉంటే, జెన్‌కు అల్యూమినియం బ్లాకు పెట్టింది ఇందుకే. కాదనం.

కాని అరిగినప్పుడు చూడాలి. ఇనుప బ్లాకును బోరింగు చేయించి, హోనింగు పట్టి, అర మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తే బండి మళ్ళీ రోడ్డెక్కుతుంది. ఇంకా అరిగితే స్లీవు దించుతారు. అల్యూమినియం మెత్తన. రింగుల రాపిడికి ఆగదని చాలా బ్లాకుల్లో లోపల ఇనుప లైనర్లే పెడతారు! అవి పలుచన, ఎక్కువ కోయనియ్యవు. బోల్టు కాస్త ఎక్కువ బిగిస్తే మరలు ఊడొస్తాయి. (పగిలితే అతికించడం ఇనుముకూ కష్టమేననుకోండి.)

టర్బో పెట్టి పవర్ పెంచేవాళ్ళు టయోటా సుప్రా 2జేజెడ్ ఇంజన్‌ను ఇంతగా మెచ్చుకునేది దాని ఇనుప బ్లాకు వల్లనే. నిస్సాన్ 2007లో జీటీ-ఆర్‌కు అల్యూమినియం బ్లాకు పెట్టింది నిజమే. అయితే సిలిండర్ గోడలకు ప్లాస్మాతో ఇనుప పూత పూసింది. ఆ పని మన బోరింగు షాపులో అవుతుందా?

మా సీనియర్ ఒకరు టాక్సీ నడుపుకుందామని పాత కారు కొని, వేరే కారు అల్యూమినియం ఇంజన్ ఎక్కించుకున్నారు. రేడియేటరు మాత్రం పాత చిన్నదే ఉంచారు. మే నెలలో రాజీవ్ రహదారి మీద ముల్లు ఎర్రగీత దాటింది. భయపడి చన్నీళ్ళు కుమ్మరించారు. హెడ్డు వంగింది, బ్లాకు పగిలింది. చిట్టీ ఎత్తిన డబ్బంతా పోయింది. తప్పు అల్యూమినియానిది కాదు, రేడియేటరుది, ఆ నీళ్ళది. ఇనుమైనా పగిలేదేమో. కాని వేడెక్కితే ఇనుము కన్నా రెండింతలు వ్యాకోచించే లోహం మన పొరపాట్లను అంతగా క్షమించదు.

ఇంకొకటి. ఇంజన్ నంబరు ఉండేది బ్లాకు మీదనే. బ్లాకు మారితే ఆర్టీఏ అనుమతితో ఆర్సీలో ఎక్కించాలి. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఆ సీనియర్ ఆర్సీలో పాత నంబరే ఉండటంతో ఇన్సూరెన్సు మాట ఎత్తనే లేకపోయారు.

ఆ పగిలిన బ్లాకు మా షెడ్డులోనే ఉంది. ఆదివారం రండి తమ్ముళ్ళూ, అయస్కాంతం పెట్టి చూద్దురుగాని. బయట అంటుకోదు, లోపల లైనరుకు టక్కున అతుక్కుంటుంది.