చెవిలో పనిముట్టు పెట్టేవాళ్ళని ఏమడగాలి?

చెవిలో గుబిలి కూడా హక్కుల పత్రికలో రాయాల్సిన విషయమేనా అని ఎవరైనా అడగొచ్చు. కట్నం చావులు, కూలిరేట్లు, భూమి - ఇన్ని సమస్యలుండగా గుబిలి గురించా? కానీ బస్తీల్లో స్త్రీల ఆరోగ్యం గురించి చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నదాన్ని కాబట్టి నాకు ఒక సంగతి కనపడుతూనే ఉంది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద పోరాడుతూ మనం కొన్ని ప్రశ్నలు నేర్చుకున్నాం. ఇది అవసరమా, చేసేది ఎవరు, వాళ్ళకా అర్హత ఉందా, ఎంత తీసుకుంటారు అని. పెద్ద ఆపరేషన్ల దగ్గర నేర్చుకున్న ఆ ప్రశ్నల్ని చిన్న వైద్యాల దగ్గర మాత్రం ఇంటిదగ్గరే వదిలేసి వెళుతున్నాం.

గుబిలి అన్నా గులిమి అన్నా అది మురికి కాదు. చెవి తన రక్షణకోసం తయారుచేసుకునే మైనం లాంటి పదార్థం. చాలామందికి దవడల కదలికతో దానంతటదే బయటికొస్తుంది. తలపిన్నూ, అగ్గిపుల్లా, దూదిపుల్లా పెట్టి తిప్పితేనే లోపలికి పోయి బిగుసుకుంటుంది. వినికిడి తగ్గి, హోరుమని, నొప్పి పుట్టినప్పుడు తీయించుకోవాలి. కొన్నాళ్ళు చుక్కలు వేసి మెత్తబరచటం, ఒంటి వేడికి సరిపోయే గోరువెచ్చని నీటితో కడగటం, సన్నని గొట్టంతో పీల్చటం, లైటు వేసి చూస్తూ కొక్కెంతో లాగటం - పద్ధతులివి. ఏది చేసినా ముందు లోపలికి చూడాలి. చెవి కారుతోందా, కర్ణభేరికి చిల్లుందా, ఇదివరకు ఆపరేషన్ అయిందా, షుగరుందా అని అడగాలి. చిల్లున్న చెవిలోకి నీళ్ళు కొడితే లోపల చీము పట్టొచ్చు. చల్లటి నీళ్ళు కొడితే కళ్ళు తిరుగుతాయి. షుగరున్న పెద్దవాళ్ళలో చెవిలో చిన్న గాయం కూడా ఇన్‌ఫెక్షనై ఎముకదాకా పాకిన సందర్భాలు వైద్యులకి తెలుసు.

మరి ఈ పని ఎవరు చేస్తున్నారు? బజారులో నడుముకి సంచీ కట్టుకుని, సన్నని చువ్వకి దూది చుట్టి తిరిగే మనిషి. ఊళ్ళో సిరంజితో నీళ్ళు కొట్టే ఆర్.ఎం.పి. పట్నంలో వినికిడి మిషన్లు అమ్మే షాపులో తెల్లకోటు వేసుకున్న కుర్రాడు. చెవిలో కొవ్వొత్తి పెట్టి వెలిగించే బ్యూటీపార్లరు. ఆ కొవ్వొత్తితో గుబిలి బయటికి రాదు సరికదా, కాలే ప్రమాదం ఉంది. వీళ్ళతోపాటు నిజంగా చదువుకున్న ఇ.ఎన్.టి. డాక్టర్లూ ఉన్నారు. బయటినుంచి చూస్తే ఎవరు ఎవరో తెలియదు.

మేం పెట్టిన ఒక మీటింగుకి యాభై దాటిన ఇళ్ళపనిచేసే ఆమె వచ్చింది. రెండేళ్ళుగా ఆమెకి సరిగా వినపడటంలేదు. యజమానురాలు పిలిచినా పలకటంలేదని ఒక ఇంట్లో పని పోయింది. కోడలు 'మా అత్తకి కావలసినవే వినపడతాయి' అని వెక్కిరిస్తుంది. మగవాడికి వినపడకపోతే చెవుడంటారు, ఆడమనిషికి వినపడకపోతే పొగరంటారు. ఆమె చివరికి ఒక వినికిడి మిషన్ల షాపుకి పోయింది. ఉచిత పరీక్ష అని బోర్డు ఉందట. చెవిలోకి చూడకుండానే పరీక్ష చేసి, రెండు చెవులకీ మిషన్లు పెట్టాలి, వాయిదాల మీద ఇస్తాం అన్నారు. మావాళ్ళు ఆమెని కోఠీ ఇ.ఎన్.టి. ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రెండు చెవుల్లోనూ గుబిలి గట్టిపడి ఉంది. అది తీశాక మిషను అవసరం రాలేదు. అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పటంలేదు, మిషను నిజంగా అవసరమైనవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ గుబిలితో మూసుకుపోయిన చెవికి చేసిన వినికిడి పరీక్ష సరైన లెక్క చెప్పదు. వినికిడి పరీక్ష చేయటానికి చదువుకున్నవాళ్ళకి అది తెలిసి ఉంటుంది. ఆ షాపులో పరీక్ష చేసిన మనిషి ఏం చదివాడో ఆమె అడగలేదు. అడగొచ్చని ఆమెకి ఎవరు చెప్పారు కనక?

'డాక్టరు' అన్న మాట గురించి కాస్త చెప్పుకోవాలి. నా పేరు ముందు కూడా ఆ మాట ఉంటుంది. అది సోషియాలజీలో పిహెచ్.డి.కి వచ్చింది. అయినా మా అపార్టుమెంటులో చెవిపోటుకి ఏ చుక్కలు వేయాలని నన్నడిగినవాళ్ళున్నారు. ఆర్.ఎం.పి. అన్న మూడక్షరాల సంగతి ఇంకా విచిత్రం. చట్టం రాసే 'రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్' అంటే వైద్య మండలిలో నమోదైన డాక్టరు. మన ఊళ్ళలో అవే అక్షరాలు నమోదు లేనివాళ్ళకి పేరైపోయాయి. కాబట్టి బోర్డు మీద బిరుదుని చూసి నమ్మకూడదు. అడగాల్సింది రిజిస్ట్రేషన్ నంబరు.

అలా అడగటానికి మనకి చట్టబద్ధమైన ఆధారం ఉంది. అల్లోపతి డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరుని క్లినిక్కులో కనపడేలా పెట్టాలనీ, మందుల చీటీ మీదా, సర్టిఫికెట్టు మీదా, డబ్బు రసీదు మీదా కూడా వేయాలనీ 2002 నాటి వైద్యుల వృత్తి నియమావళి చెప్తోంది. ఫీజెంతో వైద్యం మొదలుపెట్టకముందే చెప్పాలని కూడా అందులోనే ఉంది. ఆ నంబరుని రాష్ట్ర వైద్య మండలిలోనో, జాతీయ వైద్య కమిషన్ రిజిస్టరులోనో సరిచూసుకోవచ్చు. నమోదు లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షను ప్రకారం ఏడాదిదాకా జైలు, 5 లక్షలదాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్టులకి వేరే రిజిస్టరు ఉంది. 1992 చట్టం కింద ఏర్పడ్డ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దాన్ని నిర్వహిస్తుంది. షాపులో తెల్లకోటు వేసుకున్న మనిషిని అడగాల్సింది ఆ నంబరు.

సుప్రీంకోర్టు 1996లో తీర్పిచ్చిన పూనం వర్మ కేసు మన కార్యకర్తలందరూ తెలుసుకోదగ్గది. హోమియో చదివిన వైద్యుడు అల్లోపతి మందులిచ్చాడు, ఆమె భర్త చనిపోయాడు. తనకి చదువులేని వైద్య విధానంలో వైద్యం చేయటమే నిర్లక్ష్యమని కోర్టు చెప్పి, 3 లక్షల పరిహారం ఇప్పించింది. ఆ ముందటేడు, 1995లో, డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని అదే కోర్టు తేల్చింది. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదు చేసే మనిషి తానున్న జిల్లాలోనే వేయొచ్చు. ఇచ్చిన డబ్బు 5 లక్షలు దాటకపోతే ఫీజు కట్టనక్కర్లేదు. కానీ వీటన్నిటికీ చేతిలో రసీదు ఉండాలి. చెవి శుభ్రం చేసినందుకు రసీదు అడిగిన స్త్రీని నేనింకా చూడలేదు.

ఎందుకు అడగరు? బిడియం అని సులువుగా అనేస్తాం. నాకలా అనిపించదు. డాక్టరుని ప్రశ్నించిన ఆడమనిషిని మళ్ళీ వచ్చినప్పుడు గంటసేపు కూచోబెడతారు. 'నీకు తెలిస్తే నువ్వే చేసుకో' అంటారు. తోడొచ్చిన భర్తే 'నోరు మూసుకో' అంటాడు. ఊరికి ఒకే ఒక్క ఆర్.ఎం.పి. ఉన్నచోట అతనితో తగువు పెట్టుకుంటే అర్ధరాత్రి బిడ్డకి జ్వరమొస్తే ఎవరి దగ్గరికి పోవాలి? కాబట్టి 'అర్హతలు తెలుసుకోండి' అని ఒక్కొక్క స్త్రీకీ సలహా ఇచ్చి చేతులు దులుపుకోవటం నాకు అన్యాయంగా తోస్తుంది. రిజిస్ట్రేషన్లు సరిచూడాల్సింది ప్రభుత్వం. ఆ పని రోగి నెత్తిన పడుతోంది, రోగుల్లోనూ అందరికంటే తక్కువ మాట చెల్లే మనిషి నెత్తిన పడుతోంది.

తెలంగాణ వైద్య మండలి 2024లో అర్హత లేనివాళ్ళ క్లినిక్కుల మీద తనిఖీలు చేసింది. అవసరమే. అయితే తనిఖీ అంటే ముందు దొరికేది బజారులో దూది చువ్వ పట్టుకు తిరిగేవాడే. అతనితో చెవి తీయించుకోవద్దని నేను గట్టిగా చెప్తాను, ఒకే చువ్వ పదిమంది చెవుల్లో తిరుగుతుంది. కానీ అతన్ని పోలీసులకి పట్టిచ్చి, అద్దాల షాపులో వాయిదాల మీద మిషనంటగట్టేవాడిని 'సార్' అని పిలిచే పనిలో మన సంఘాలు పాలుపంచుకోకూడదు. రిజిస్ట్రేషన్ నంబరు అడగటం ఆ అద్దాల షాపునుంచే మొదలుపెడదాం.

సంఘాలు చేయగలిగిన పని ఇంకొకటుంది. మండలంలో, వార్డులో చెవి వైద్యం చేసేవాళ్ళ పేర్లూ, నంబర్లూ రాసుకుని, ఒక స్త్రీ ఒంటరిగా కాకుండా నలుగురు కలిసి వెళ్ళి అడగటం. సరిచూసిన జాబితాని డ్వాక్రా మీటింగులో చదవటం. దాంతోపాటు ప్రభుత్వాన్నీ నిలదీయాలి. 2018లో మొదలైన హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లు ఇచ్చితీరాల్సిన 12 రకాల సేవల్లో చెవి, ముక్కు, గొంతు సమస్యల చికిత్స కూడా ఉంది. బస్తీ దవాఖానాకో, ఊళ్ళో ఉపకేంద్రానికో వెళ్ళినప్పుడు చెవిలోకి చూసే ఒటోస్కోపు ఉందా, గుబిలి మెత్తబడే చుక్కలున్నాయా, తీయటం నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా, లేకపోతే ఏ ఆస్పత్రికి పంపుతున్నారు అని అడిగి జవాబు రాయించుకురండి. ఆ కాగితాలు జిల్లా వైద్యాధికారి దగ్గరికి ఒక్కొక్కటిగా కాకుండా కట్టగా వెళ్ళాలి.