ఎప్పుడూ ఒకే వేగమేనా?

తెల్లవారుజామున అయిదింటికి నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఏ ఊరి రోడ్డెక్కి చూసినా పరుగెత్తే కుర్రాళ్లు కనిపిస్తారు. కొందరికి కానిస్టేబులు ఉద్యోగం కావాలి, కొందరికి మిలిట్రీ. అందరికీ అడ్డం నిలిచేది 1600 మీటర్లే. కానిస్టేబులు పరీక్షలో మగవాళ్లకు 8 నిమిషాలు, ఆడవాళ్లకు 10 నిమిషాల 30 సెకండ్లు. అగ్నివీర్ ర్యాలీలో 5 నిమిషాల 30 సెకండ్లలోపు వస్తేనే పూర్తి 60 మార్కులు.

నేనూ వాళ్లలో ఒకణ్ణి. గురజాల దగ్గర మా ఊళ్లో సాగర్ కాలువ కట్ట మీద రోజూ అయిదు కిలోమీటర్లు పరుగెత్తేవాణ్ణి. ఫీజు కట్టించుకుని శిక్షణ ఇచ్చినచోట కూడా "ఇంకా పరిగెత్తండి" అనడమే తప్ప, ఎట్లా అన్నది చెప్పినవారు లేరు. జూన్‌లో వాచీ పెట్టి చూస్తే 6 నిమిషాల 20 సెకండ్లు. డిసెంబరులోనూ అంతే. మిరప తోటకు నాయన తెచ్చిన అప్పు పెరుగుతూనే ఉంది గాని, నా టైము మాత్రం సెకండు తగ్గలేదు.

సెలవు మీద వచ్చిన మా ఊరి జవాను అన్న చూసి నవ్వాడు. "ఏందిరా, గానుగెద్దు మాదిరి రోజూ అదే నడకా? ఈ కరెంటు స్తంభం కాణ్ణుంచి ఆ స్తంభం దాకా గట్టిగా దూకు. తర్వాత రెండు స్తంభాలు నిదానంగా పో. ఊపిరి కుదిరినాక మళ్లా దూకు" అన్నాడు.

అన్నకు పేరు తెలియదు గాని, ఇది ఫార్ట్‌లెక్. స్వీడిష్ భాషలో వేగంతో ఆట అని అర్థం. 1930లలో గోస్టా హోల్మేర్ అనే స్వీడన్ కోచ్ దీన్ని రూపొందించాడు. ఈ పద్ధతిలో అడవి బాటల్లో సాధన చేసిన గుండర్ హెగ్ 1945లో మైలును 4 నిమిషాల 1.4 సెకండ్లలో పరుగెత్తాడు. 1954లో బానిస్టర్ వచ్చేదాకా ఆ రికార్డు చెక్కు చెదరలేదు. మైలంటే మన 1600కు ఇంకో తొమ్మిది మీటర్లు, అంతే.

ఇందులో మంత్రమేమీ లేదు. నిదానపు పరుగు కండరాల్లో సన్నని రక్తనాళాలను, మైటోకాండ్రియాను పెంచుతుంది. అది పునాది, దాన్ని మానకూడదు. కాని గుండె, ఊపిరి తమ గరిష్ఠ స్థాయి దగ్గర పనిచేస్తే ఆ స్థాయి మరింత పెరుగుతుంది. వేగంలో పుట్టిన లాక్టేట్‌ను మనవాళ్లు విషమనుకుంటారు. నిజానికి నిదానంగా పోయే ఆ రెండు స్తంభాల దూరంలో గుండె, ఇతర కండరాలు దాన్నే ఇంధనంగా వాడుకుంటాయి.

అట్లాగని రోజూ దూకితే మోకాళ్లు పోతాయి. వారానికి రెండు రోజులు చాలు. బండలాగుడు పందెపు ఎడ్లకు కూడా రోజూ నిండు బండ కట్టరని మా తాత అంటాడు. ఎడ్లకున్న పాటి ఆలోచన మన కుర్రాళ్ల మీద ఎవరూ పెట్టరేం?

పది వారాలకు నాకు 5 నిమిషాల 52 సెకండ్లు వచ్చింది. ఇంకా 22 సెకండ్లు బాకీ.

ఇక యూనియన్ వారితో నా పేచీ. వార్షికోత్సవానికి కప్పులు, షీల్డులు కొనేముందు మన గ్రౌండులో సున్నంతో 400 మీటర్ల ట్రాకు గీయించండి. వంద మీటర్లకొక జెండా కర్ర పాతండి, స్తంభాల పని అవి చేస్తాయి. మా చెల్లెలు కూడా కానిస్టేబులు పరీక్షకు చదువుతోంది. చీకట్లో కాలువ కట్ట మీదికి ఆడపిల్లను ఎవరు పంపిస్తారు? తెల్లవారాక పరుగెత్తమందామా అంటే రెంటచింతల ఎండలు మనకు కొత్తగా చెప్పాలా! గ్రౌండుకు గోడ ఉంది, లైట్లున్నాయి, కుళాయి ఉంది. గేటుకు మాత్రం ఎనిమిదింటిదాకా తాళం. ఆ తాళం చెవి అయిదింటికే ఎవరి చేతికి రావాలో, ముందు ఆ సంగతి తేల్చండి.