సాయం అందింది, కొలువు నిలిచిందా?

2020 మే 1న తెల్లవారుజామున లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరిన రైలు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. లాక్‌డౌన్‌లో వలస కార్మికుల కోసం దేశంలో నడిచిన తొలి ప్రత్యేక రైలు అదే. స్వస్థలాలకు మరలినవారు కోటికి పైగా ఉన్నారని ఆ సెప్టెంబరులో కార్మిక మంత్రిత్వశాఖ లోక్‌సభకు తెలిపింది. త్రోవలో మరణించినవారెందరన్న ప్రశ్నకు మాత్రం లెక్కలు లేవన్నదే జవాబు.

ప్రభుత్వ సాయం అందలేదనడం న్యాయం కాదు. ఉచిత ధాన్యం వచ్చింది. ఆరు రాష్ట్రాలలోని 116 జిల్లాలలో 125 రోజుల పాటు గరీబ్ కల్యాణ్ రోజ్‌గార్ అభియాన్ నడిచింది. (ఆ జాబితాలో తెలుగు జిల్లా ఒక్కటీ లేదు. పాలమూరు, శ్రీకాకుళం వలసలు ఢిల్లీ దృష్టికి ఆనలేదు కాబోలు.) ఉపాధి హామీ పథకంపై 2020-21లో లక్ష కోట్ల రూపాయలకు పైగా వ్యయమైంది. ఇవన్నీ పూట గడిపాయి. కాని ఆ రోజులు గడచిన పిదప ఆ కూలి ఏమయ్యాడు? చాలామంది ఏ మేస్త్రీ వెంట వెళ్ళి నష్టపోయారో మళ్ళీ అదే మేస్త్రీ వెంట, అదే ఇటుక బట్టీకి, నియామక పత్రమన్నది లేకుండానే వెళ్ళారు.

సాయాన్ని కొలువుతో ముడిపెట్టిన పథకం ఒకటి లేకపోలేదు. 2020 అక్టోబరు నుండి అమలైన ఆత్మనిర్భర్ భారత్ రోజ్‌గార్ యోజన కింద, నెలకు 15 వేల రూపాయల లోపు వేతనంపై కొత్తగా చేరినవారి భవిష్య నిధి చందాను కేంద్రమే రెండేళ్ళు భరించింది. వెయ్యి మంది వరకు పనిచేసే సంస్థలలోనైతే యజమాని వాటా సైతం చెల్లించింది. ఆలోచన మంచిదే. అయితే ఆ సంస్థ ముందుగా భవిష్య నిధి కార్యాలయంలో నమోదై ఉండాలి. బట్టీ యజమాని గాని, గుంపు మేస్త్రీ గాని ఆ గడప ఎన్నడైనా తొక్కాడా?

2021 ఆగస్టులో ఈ-శ్రమ్ పట్టిక ప్రారంభమైంది. అందులో నమోదైన అసంఘటిత కార్మికుల సంఖ్య 30 కోట్లు దాటింది. భవిష్య నిధిలో గాని, ఇ.ఎస్.ఐ.లో గాని సభ్యత్వం లేనివారికే అందులో చోటు. అంటే స్థిరమైన కొలువు లేనివారి పేర్లు ఒక చిట్టాలో, ఉన్నవారి పేర్లు మరొక చిట్టాలో ఉన్నాయన్నమాట. రెండింటికీ ఆధార్ సంఖ్యే ఆధారం. మొదటి చిట్టా ఎంత పెరిగిందో మంత్రులు సగర్వంగా ప్రకటిస్తూ వచ్చారు. నిజానికి అది తరిగితేనే గర్వించాలి.

మరొక చిక్కు ఉన్నది. రేషను కార్డు నేడు రాష్ట్రాల సరిహద్దులు దాటుతున్నది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండళ్ళు మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. పన్నెండు నెలలలో 90 రోజులు పనిచేసినట్లు చూపితేనే నమోదు. ముంబయిలో రెండు నెలలు, సూరత్‌లో రెండు నెలలు పనిచేసిన పాలమూరు కూలి ఆ తొంభై రోజులను ఎక్కడ చూపాలి?

వచ్చే సమావేశాలలో మన తెలుగు సభ్యులెవరైనా ప్రశ్నోత్తరాల సమయంలో ఒక్కటి అడగాలి: ఈ-శ్రమ్‌లో పేరున్న వలస కార్మికులలో భవిష్య నిధి ఖాతాలోకి మారి, వరుసగా పన్నెండు నెలలు చందా జమ అయినవారు రాష్ట్రాలవారీగా ఎందరు? ఈసారి లెక్కలు లేవనడానికి మంత్రిత్వశాఖకు వీలుండదు.