ఇరాన్‌కో కొలత.. మౌలాలికో కొలత

మల్కాజ్‌గిరి: ఇరాన్‌ అణు కార్యక్రమంపై వియన్నాలోనో, వాషింగ్టన్‌లోనో జరిగే మంతనాలు మనకు దూరపు సంగతులని పాఠకులు భావించవచ్చు. కానీ మౌలాలి దాటి ఈసీఐఎల్‌ వైపు వెళ్లేవారు నిత్యం చూసే అణు ఇంధన సముదాయం (ఎన్‌ఎఫ్‌సీ) ప్రహరీ వెనుక ఇటువంటి వివాదమే ఒకప్పుడు మన దేశం పేరిట నడిచింది.

1971లో ఏర్పాటైన ఈ సంస్థ దేశంలోని అణు విద్యుత్కేంద్రాలకు ఇంధనం తయారుచేస్తుంది. మహారాష్ట్రలోని తారాపూర్‌ కేంద్రానికి శుద్ధి చేసిన యురేనియం అమెరికా నుంచి వచ్చి ఇక్కడే ఇంధనంగా మారేది. 1974 మే 18న పోఖ్రాన్‌లో అణు పరీక్ష జరిగింది. 1978లో అమెరికా కొత్త చట్టం చేసి, కొద్దికాలానికే సరఫరా ఆపివేసింది. ఫ్రాన్స్‌, చైనా, రష్యా ఒకదాని తర్వాత ఒకటి ఆ లోటు పూడ్చాయి. స్వదేశీ ఖనిజం చాలక 2008 నాటికి పలు ఇతర రియాక్టర్లు సగానికి అటూఇటూ సామర్థ్యంతోనే నడిచాయి.

2005 జూలై 18న మన్మోహన్‌సింగ్‌, జార్జి బుష్‌ చేసిన సంయుక్త ప్రకటన ఈ ముడి విప్పింది. పౌర, సైనిక అవసరాల కేంద్రాలను వేరుచేయాలన్నది అందులోని షరతు. 22 రియాక్టర్లలో 14 అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీల కిందకు చేరాయి. ఎన్‌ఎఫ్‌సీలోనైతే ఆ గీత ఆవరణ మధ్యగానే పడింది. కొన్ని విభాగాలను తనిఖీలకు అప్పగించారు, మిగిలినవి బయటే ఉన్నాయి. నాటి ఖమ్మం జిల్లా మణుగూరు భారజల కర్మాగారాన్ని అసలు జాబితాలోనే చేర్చలేదు.

2008 సెప్టెంబరు 6న 45 దేశాల అణు సరఫరాదారుల బృందం భారత్‌కు మినహాయింపు ఇచ్చింది. మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌ యురేనియం మన ఎన్‌ఎఫ్‌సీకి చేరింది. బయటి సరుకు విద్యుత్తుకు సరిపోతే ఇంటి సరుకు ఆయుధాలకు మిగులుతుందని విమర్శకులు అప్పట్లో అభ్యంతరపెట్టారు. ఆ వాదనలో పస లేదని చెప్పడం కష్టం.

ఇరాన్‌ సంగతి వేరు. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంపై అది 1968లోనే సంతకం చేసింది. భారత్‌ నేటికీ చేయలేదు. సంతకం చేసి కూడా అణు పనులను ఏళ్ల తరబడి దాచిందన్నది ఇరాన్‌పై అభియోగం. సంతకమే చేయని దేశానికి ఆ నేరం వర్తించదు. చట్టం దృష్టిలో ఇది సబబే కావచ్చు గానీ, ఊరి రచ్చబండ వద్ద ఇలాంటి తీర్పు చెబితే పెద్దమనుషులను జనం నిలదీస్తారు.

మన దేశం వేసిన ఓటు మరీ ఇబ్బందికరమైన సంగతి. 2005 సెప్టెంబరు 24న వియన్నాలో ఇరాన్‌ వ్యతిరేక తీర్మానాన్ని భారత్‌ బలపరచింది. రష్యా, చైనా తటస్థంగా ఉండిపోయాయి. మరోమారు అలా ఓటు వేయకుంటే అణు ఒప్పందం అమెరికా కాంగ్రెస్‌లో గట్టెక్కదని ఆ దేశ రాయబారి డేవిడ్‌ మల్ఫోర్డ్‌ 2006 జనవరిలో బాహాటంగానే అన్నారు. ఫిబ్రవరి 4న భారత్‌ మళ్లీ ఇరాన్‌కు వ్యతిరేకంగానే ఓటు వేసింది. అది స్వతంత్ర నిర్ణయమని ఢిల్లీ చెప్పుకొంది. తేదీలను పక్కపక్కన పెట్టి చూసినవారికి ఆ మాట నమ్మశక్యంగా తోచదు.

2015 జూలై 14 నాటి ఒప్పందంతో ఇరాన్‌ యురేనియం శుద్ధిని 3.67 శాతానికి పరిమితం చేసుకుంది. 2018 మే 8న అమెరికాయే దాని నుంచి వైదొలగింది. ఆంక్షలకు వెరసి 2019 మేలో భారత్‌ ఇరాన్‌ చమురు కొనుగోలు నిలిపివేసింది. 2021 నుంచి ఇరాన్‌ శుద్ధిని 60 శాతానికి పెంచింది. 2025 జూన్‌ 22న నతాంజ్‌, ఫోర్దో, ఇస్ఫహాన్‌లపై అమెరికా బాంబులు వేసింది. అదే ఏడాది జనవరిలో ఆ దేశం బార్క్‌ సహా మూడు భారత అణు సంస్థలను తన ఆంక్షల జాబితా నుంచి తొలగించింది.