మంత్రిగారూ, నమూనాను ముందు ఎవరి చేతికిస్తారు?

తెలంగాణ ఐటీ, పరిశ్రమల శాఖ మంత్రివర్యులకు,

నేను డిజైన్ విద్యార్థినిని. రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్ గురించి ఒక మనవి. నమూనాలు తయారుచేయడానికి లేజర్ కటింగ్, త్రీడీ ప్రింటింగ్ వంటివి అక్కడ ఒకే కప్పు కింద ఉన్నాయి. సంతోషం.

అయితే మంచి డిజైన్ అనగానే నాకు గుర్తొచ్చేది ఈ ఐటీ కారిడార్‌లో పుట్టలేదు. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును అమర్చాలంటే, మేకుల చుట్టూ చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. అలా గంటల తరబడి ఆసు పోసే తల్లి లక్ష్మిగారి భుజం నొప్పి చూడలేక, ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఆ పనికో యంత్రం తయారుచేయడానికి పూనుకున్నారు. ఏళ్లు పట్టింది. చివరి చిక్కుముడి బాలానగర్‌లో ఓ యంత్రం కదలికను గమనించాక విడిపోయింది. 1999లో లక్ష్మీ ఆసుయంత్రం తయారైంది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం చూడ్డానికి సొగసైనదేం కాదు. తెరమీద తళతళలాడే బొమ్మలకు మా క్లాసులో పడే మార్కులు దానికి పడేవో లేదో! నూలు అదే, చీర అదే. తగ్గింది చేతి కష్టం.

అందుకే అడుగుతున్నా. టీ-వర్క్స్‌లో తయారయ్యే ప్రతి నమూనానూ వాడబోయేవాళ్ల చేతిలో పెట్టి చూడటం ఒక నియమం చేయండి. నేతన్నలు, ఆటో డ్రైవర్లు, ఆస్పత్రి ఆయాలు, డెలివరీ కుర్రాళ్లు వచ్చి వాడాలి, తిట్టాల్సింది తిట్టాలి. వాళ్లకు ఆ రోజు కూలి, దారి ఖర్చులు ఇప్పించండి. మాలాంటి విద్యార్థులం పక్కన కూర్చుని, సమర్థించుకోకుండా, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాం.

ఇట్లు,
ఒక డిజైన్ విద్యార్థిని, గచ్చిబౌలి