ఆసు, రెండు చాలవు

రమ్మీలో చెత్త ముక్కలు పడితే మనవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 13 ముక్కలూ ఒకసారి సర్ది చూసి, జోకరూ లేదు, సీక్వెన్సూ లేదు అనుకోగానే డ్రాప్ అంటారు. 20తో పోతుంది, 80 కౌంటు తప్పుతుంది. అదే మనుషులు అమెరికాలో శుక్రవారం రాత్రి ఒమాహా హై-లో ఆడటానికి కూర్చుంటే ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? ప్రతి ఆటా ఆడేస్తారు. "నాలుగు ముక్కలున్నాయి కదా, ఏదో ఒకటి తగలకపోదు" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు మొదట నేర్పేదీ ఆ మాటే.

ఆట తెలియనివారికి క్లుప్తంగా చెబుతాను. చేతిలో నాలుగు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు. చేతిలోంచి కచ్చితంగా రెండు, బల్ల మీంచి మూడు వాడాలి. అందరూ పెట్టిన డబ్బే పాట్. అందులో సగం అన్నిటికంటే పెద్ద చేతికి (హై), సగం అన్నిటికంటే చిన్న చేతికి (లో). ఎనిమిది దాటని ఐదు వేర్వేరు అంకెలుంటేనే లో. అందులో ఆసు అంటే ఒకటి.

ఇప్పుడు లెక్క చూడండి. ముగ్గురు తలా 100 డాలర్లు పెట్టారు. పాట్ మొత్తం కొట్టినవాడికి లాభం 200. సగం కొట్టినవాడి చేతికి 150 వస్తుంది, లాభం 50. పాట్‌లో సగం గెలిస్తే లాభంలో దక్కేది పావు వంతే! ఇక ఇద్దరే మిగిలితే సగం అంటే తన 100 తనకు తిరిగి రావడమే. క్లబ్బులో అయితే కమిషన్ పోగా నష్టం కూడా. సగం కోసం ముక్కలు ఎంచుకునేవాడు ఓడిపోవడానికే కూర్చున్నాడు.

అయినా ఆసు, రెండు కనబడితే చాలు, దేవుడు ప్రత్యక్షమైనట్టు చూస్తారు. నేనూ అలాగే చూశాను. ఒక రాత్రి నాకు తిరుగులేని లో పడింది. చివరి ముక్కదాకా పెంచుకుంటూ పోయాను. తీరా షోలో పక్కవాడి దగ్గరా ఆసు, రెండే. మూడో అతను హై పట్టుకుపోయాడు. లో సగాన్ని మేమిద్దరం పంచుకున్నాం. పెట్టిన ప్రతి 100కీ నాకు తిరిగొచ్చింది 75. ఎవరూ ఓడించలేని లో పట్టుకుని డబ్బు పోగొట్టుకున్నాను.

అసలు లో పడాలి కదా! బల్ల మీద ఎనిమిది లోపు అంకెలు మూడు వేర్వేరుగా రావాలి. నూటికి దాదాపు 40 సార్లు రావు. అప్పుడు ఆసు, రెండు, తొమ్మిది, జాకీ పట్టుకుని దేనికోసం ఎదురుచూపు? వచ్చినా, బల్ల మీద ఇంకో రెండు పడిందా, మీ చేతిలోని రెండు చచ్చినట్టే. అందుకే పక్కన మూడు ఉండాలి. రెండు చచ్చినా ఆసు, మూడు కలిసి నిలబడతాయి. ఆసు ఇస్పేటైతే ఇంకో ఇస్పేటు ఉండాలి, ఫ్లష్‌తో హై వైపు కూడా దారి దొరుకుతుంది. రెండు వైపులా దారి ఉన్న ముక్కలే ముక్కలు.

అన్నిటికంటే ఎక్కువ ముంచేది ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. వరసగా ఉన్నాయి కాబట్టి కళ్లకు అందంగా ఉంటాయి. బల్ల మీద మూడు, నాలుగు, ఐదు పడితే ఆరు, ఏడుతో స్ట్రెయిట్ వస్తుంది, నిజమే. ఆసు, రెండు ఉన్నవాడు లో తీసుకుపోతాడు, మీకు మళ్లీ సగమే. పది, జాకీ, రాణి పడితే మీది అడుగు స్ట్రెయిట్. రాజు, తొమ్మిది ఉన్నవాడు మిమ్మల్ని పూర్తిగా తుడిచేస్తాడు. వీటికంటే రాజు, రాజు, రాణి, జాకీ నూరు రెట్లు నయం. లో పడని రోజున పాట్ మొత్తం వాటిది. మొదటి మూడు ముక్కల్లోనే లో కనబడితే తక్కువలో లేచిపోవచ్చు.

"ఇన్ని వదిలేస్తే ఇక ఆటలో మజా ఏముంది?" అని అడుగుతారు. నెలంతా కష్టపడి సంపాదించిన డబ్బును పావులుగా, సగాలుగా పంచిపెట్టడంలో మజా ఏముందో వాళ్లే చెప్పాలి. కొత్త కుర్రాడిని పక్కన కూర్చోబెట్టుకుని "ఆడు, ఆడు" అని ఎగదోసేవాళ్లు ముందు వాడికి ఈ లెక్క చూపించాలి.

ఈ శుక్రవారం ముక్కలు ఎత్తగానే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇవి పాట్ మొత్తం కొట్టగలవా? లేదనిపిస్తే, రమ్మీలో పడేసినట్టే పడేయండి.